చుక్క పడ్డచోట

ఆటోనగర్ నాలుగో అడ్డరోడ్డులో నా షెడ్డు.
రేకు మీద సున్నంతో "మీరా, ట్యాంకులు" అని రాసుంటుంది.
వాన పడ్డప్పుడల్లా మీరా పోతాడు
ట్యాంకులు మిగులుతాయి.

సలోమి గారి బస్సు వచ్చిందాకా
ఇంటికి చక్రాలుంటాయని నేనెరగను.
ఇరవై ఆరేళ్ళు తను టిక్కెట్లు కొట్టిన బండినే
ఆర్టీసీ వేలంలో తుక్కు ధరకి పాడుకుందట.
లోపల మంచం, గ్యాస్ పొయ్యి, డబ్బాలో పుదీనా,
నేల కింద రెండొందల లీటర్ల మంచినీళ్ళ ట్యాంకు.
సీట్లన్నీ పీకించింది, ఒక్కటి తప్ప:
వెనక డోరు పక్కన కండక్టరు సీటు.

"కారుతోంది నాయనా."
"ఎక్కడమ్మా?"
"తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను?"

నీళ్ళు అబద్ధం చెప్పవు గానీ
అడ్రసు తప్పు చెబుతాయి.
ముందు చక్రం దగ్గర చుక్క పడుతుంటే
చిల్లు వెనక ఎక్కడో ఉంటుంది,
ఛాసిస్ పట్టుకుని, వైర్ల గొట్టం మీద నడుచుకుంటూ
తీరుబడిగా వచ్చి, మనం చూస్తున్నచోట దూకుతుంది.
చుక్కని అడక్కురా, చుక్క వచ్చిన దారిని అడుగు
అని ఉస్తాదు సుభానీ నా చెవి మెలేసి చెప్పాడు.
ఆ చెవి ఇప్పటికీ కాస్త పెద్దది.

పంపు వేసి చూశాను, ఆపి చూశాను.
ఆపితే ఆగే కారుడు గొట్టాలది, ఆగనిది ట్యాంకుది.
ఇక్కడ ఆగడానికి అసలు మొదలైతేగా!
నిండా నింపి, మట్టం దగ్గర గీత గీసి
రాత్రంతా వదిలేశాను.
తెల్లారి గీత ఎక్కడుందో నీళ్ళూ అక్కడే.
నీలిమందు కలిపాను, బండి కింద ముగ్గుపిండి చల్లాను.
ముగ్గు తెల్లగానే ఉంది.
చంటిగాడు దాని మీద వేలితో చేపని గీశాడు.
ఆవిణ్ణి షెడ్డులో కూర్చోబెట్టి, టీ ఇచ్చి
వారధి దాటి తాడేపల్లి దాకా తోలుకొచ్చాను.
పొడి.

మర్నాడు కంకిపాడు నుంచి ఫోను:
"నీలంగా కారుతోంది. సంతోషమా?"

ఈసారి నేనూ ఎక్కాను.
స్టీరింగు ముందు ఆవిడ మరిది కొడుకు ఇమ్మానియేలు,
సీట్లో ఆవిడ,
నేల పలక ఎత్తి, టార్చి నోట కరుచుకుని బోర్లా నేను.
నా నోరు ఖాళీ లేదు గనక ఆవిడే మాట్లాడింది.
బుడమేరు పొంగిన రాత్రి, సింగ్ నగర్లో
ఫ్రిజ్ పడుకోబెట్టి దాని మీద కూర్చుందట,
రెండు పగళ్ళు, రెండు రాత్రుళ్ళు.
"వాకిలేసి గుడ్డలు కుక్కాను, గోడల్లోంచి వచ్చాయి.
అప్పుడు లోపలికొచ్చే నీళ్ళని ఆపలేకపోయాను
ఇప్పుడు బయటికి పోయేవాటిని..."

పోరంకి దగ్గర స్పీడ్ బ్రేకరు.
బండి ఎగిరింది, ఆవిడ ఎగిరి సీట్లో పడింది,
సీటు కాలి బోల్టు
ట్యాంకు నెత్తిన టక్కున పొడిచింది.
వెంట్రుకంత పగులు నోరు తెరిచి
ఒక్క నీలం గుటక వదిలి
మళ్ళీ మూసుకుంది.

చెప్పాలా వద్దా అని రెండు కిలోమీటర్లు ఆలోచించాను.
ఆవిడ కూర్చుంటేనే కారుతుందని ఎలా చెప్పను?
చెప్పాను.
చాలాసేపు కిటికీ బయటికి చూసి
"సీటు మాత్రం తియ్యకు" అంది.

తీయలేదు. అరంగుళం బోల్టు రంపంతో కోశాను,
మధ్యలో రబ్బరు దిమ్మ పెట్టాను,
పగులు చివర సన్న బెజ్జం వేసి, అది ఇంక పాకకుండా
ప్లాస్టిక్ కడ్డీ కరిగించి అతికాను.
అయినా ఓ బకెట్టు ఎప్పుడూ ఉంచుకోమన్నాను.
ట్యాంకుల విషయంలో నేనెవరికీ మాటివ్వను.

ఆరొందల నలభై అయింది.
ఆరొందలిచ్చి, సంచి తడిమి
"చిల్లర లేదు" అంది, అలవాటైన గొంతుతో.
పాత టిక్కెట్టు ఒకటి చించి
వెనక "బాకీ 40" అని రాసి, సంతకం పెట్టి చేతిలో పెట్టింది.
తాడు లాగింది. రెండు బెల్లులు.

టిక్కెట్టు రేకుకి గుచ్చి ఉంది.
దిగేటప్పుడు అడిగి తీసుకోవాలంటారు గదా,
నేనింకా ఎక్కడా దిగలేదు.